నూనె అయిపోని లాంతరు

నేను ఒక డిస్కును. అరచేతికంటే కాస్త పెద్దగా, మధ్యలో చిల్లుతో, వెలుగుకి అడ్డం పెడితే నెమలికంఠం రంగులు తేలే పలచని బిళ్లను. నా వీపుమీద అచ్చేసిన పేరు ‘లాంతర్ హౌస్ – రెండు’. నాలో ఉన్నది ఒక వీడియో ఆట. ఆ ‘రెండు’ అన్న అంకె ఉందే, అదే నా తలరాత. ఒకటంటూ లేకపోతే నన్ను కొనేవాళ్లే ఉండరు. ఒకటి ఉన్నందుకే కొన్నవాళ్లంతా నన్ను తిట్టారు.

మా అక్క సంగతి చెప్పకపోతే నా సంగతి అర్థం కాదు. మొదటి ‘లాంతర్ హౌస్’ భయం ఆట. సముద్రపు ఒడ్డున పాడుబడ్డ లైట్‌హౌసు. దాన్ని కాపలా కాసే, కుడికాలు కాస్త ఈడ్చి నడిచే ముసలాయన పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. ఆయన కూతురు ఇల్సా ఒక్కతీ ఆ ఇంట్లో తండ్రికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చేతిలో ఒక లాంతరు తప్ప కర్రపుల్ల కూడా లేదు. లాంతర్లో నూనె చారెడు. పైగా ఆ ఇంట్లో తిరిగే ‘అది’ వెలుగు చూసే వస్తుంది. అంచేత తెలివైనవాళ్లు లాంతరు ఆర్పేసి, చెవులు నమ్ముకుని, గోడ పట్టుకుని నడుస్తారు. మెట్టు కిర్రుమంటే ఆగాలి. తడితాడు ఈడ్చిన చప్పుడైతే ఊపిరి బిగబట్టాలి. ఆట మొత్తంలో ఒక్క తుపాకీ లేదు. చివరికి కూడా తండ్రి రాడు. తలుపవతల అలల చప్పుడు వినిపిస్తుంది, అంతే.

ఆ చప్పుళ్లన్నీ మార్గిట్ అనే ఆవిడ చేసింది. మంచుదేశంలో ఒక చిన్న కంపెనీ. ఆవిడ పాత మెట్లున్న ఇళ్లు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగి, ఒక్కో మెట్టూ ఎక్కి దిగి రికార్డు చేసుకునేదట. నన్ను తయారుచేసే రోజులొచ్చేసరికి కంపెనీ పెద్దదైంది. పెద్దది కాగానే అందులోకి లెక్కల మనుషులొచ్చారు. వాళ్లు గోడమీద పటం వేసి చూపించారు. మొదటి ఆట మొదలెట్టినవాళ్లలో సగంమంది మూడో గది దాటలేదట. భయమేసి ఆపేశారట. భయం ఆటకి అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది? కానీ ఆ మనుషులకి అది జబ్బులా కనపడింది. భయపడినవాడు ఆపేస్తాడు, ఆపేసినవాడు రెండోది కొనడు అన్నారు. ఇల్సా చేతికి తుపాకులిచ్చారు. బూట్లు తొడిగారు. లాంతరుని తీసేస్తే జనం గుర్తుపట్టరని నడుముకి వేలాడదీశారు. దానికి నూనె పోయనక్కర్లేదు, ఎప్పటికీ ఆరదు. మార్గిట్‌ని వేరే పనిలోకి మార్చారు. ఆవిడ చేసినవన్నీ తుడిచేశారుగానీ ‘ఉప్పు కొట్టు’ అనే ఒక చిన్న గది మాత్రం ఎందుకో మిగిలిపోయింది. మరిచిపోయారో, దయతలిచారో నాకు తెలియదు. నా ఒంటిమీద కోట్ల చుక్కలుంటే అందులో ఆ గది గోరంత.

అలా పుట్టి, అట్టపెట్టెలో పడి, ఓడెక్కి, చివరికి విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో మేడమీదున్న మొయినుద్దీన్ దుకాణానికి చేరాను. నన్ను పెట్టిన మొదటిరోజే, తలుపు తియ్యగానే, తెల్లకర్ర పట్టుకుని ఒకాయన, ఆయన మోచెయ్యి పట్టుకుని ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చారు. ఆయన కృపాకర్. ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు. ఆ పిల్ల ఆయన చెల్లెలు ఎస్తేరు, డిగ్రీ అయిపోయి కంప్యూటరు కోర్సుకి వెళుతోంది.

“ఐదేళ్లయింది మొయిన్ భాయ్, దీనికోసం చూసి చూసి...” అంటూ ఆయన నన్ను చేతిలోకి తీసుకుని పెట్టె అంచుల వెంట వేలు పోనిచ్చాడు. అంత గౌరవంగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

కృపాకర్‌కి పన్నెండో ఏట రేచీకటిగా మొదలైన జబ్బు ఇరవైనాలుగో ఏటికి చూపంతా మింగేసింది. సరిగ్గా ఆ ఏడాదే మా అక్క వాళ్లింటికి వెళ్లింది. ఎస్తేరుకి అప్పుడు పదిహేడు. మంచం దిగని అన్నని ఏదో ఒకటి చేసి హాల్లోకి తెద్దామని ఆ ఆట పెట్టింది. తెరమీద ఎలాగూ చీకటే. చీకట్లో అందరూ ఆయనలాంటి వాళ్లే. “ఆగవే, ఎడంపక్క మెట్టు కిర్రుమంది” అన్నాడట మంచం మీంచే. అక్కణ్ణించి ఆ పిల్ల చేతులు, ఈయన చెవులు. ఊళ్లో కళ్లున్న కుర్రాళ్లు మూడో గది దాటలేకపోతే వీళ్లిద్దరూ లాంతరు ఒక్కసారి కూడా వెలిగించకుండా ఆట పూర్తిచేశారు. కృపాకర్ మళ్లీ నవ్వింది అప్పుడే. కర్ర పట్టుకుని వీధిలోకి వెళ్లడం, ఉద్యోగానికి పరీక్ష రాయడం అన్నీ ఆ తర్వాతే. ఇదంతా దారిలో ఆటోలో మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ వెళ్లారు. నేను సంచిలో కూర్చుని విన్నాను. విని, గుండెలాంటిదేదైనా ఉంటే అది జారిపోయిందనే చెప్పాలి. నాలో ఏముందో నాకు తెలుసు కదా.

ఇంటికెళ్లగానే అన్నం కూడా తినకుండా నన్ను గేమ్ పెట్టెలో పెట్టారు. కృపాకర్ సోఫాలో ముందుకి వంగి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకోవడం ఆయనకి అలవాటుగా మిగిలిపోయిన మర్యాద. నేను తిరగడం మొదలెట్టాను. మొదటి నిమిషంలోనే హెలికాప్టర్ పేలింది. తర్వాత ఇల్సా “రండ్రా!” అన్నట్టు అరిచి కాల్చడం మొదలెట్టింది. మా అక్కలో ఆ అమ్మాయి గొంతెత్తి మాట్లాడనే లేదు.

“ఇప్పుడేం జరుగుతోంది?” అన్నాడాయన.

“కాలుస్తున్నా.”

“ఎవర్ని?”

“వస్తున్నవాళ్లని. చాలామంది వస్తున్నారు.”

“నేనేం వినాలి?”

వినడానికేమీ లేదు. కాసేపటికి ఆయన వెనక్కి వాలిపోయాడు. గంటన్నర తర్వాత లేచాడు. “వీళ్లకి మనతో పనైపోయిందే అమ్మలూ. తిరిగిచ్చేసి ఇంకేదైనా తెచ్చుకో” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. పెళ్లికి పిలిచి, గుమ్మందగ్గర మిమ్మల్ని ఎవరు పిలిచారని అడిగితే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

మర్నాడు ఎస్తేరు నన్ను తీసుకుని దుకాణానికి వెళ్లింది. అక్కడ అప్పటికే నా గురించి తగువు. “దీనికి వేరే పేరెట్టుంటే నెత్తిన పెట్టుకునేవాళ్లం. ఆ పేరు పెట్టి మోసం చేశారు” అంటున్నాడు ఒక గడ్డపాయన. “ఏం మోసం సార్? మొదటిది ఆడితే నిద్దరొచ్చేది. ఇదీ ఆటంటే!” అని ఇంకొకడు. ఇద్దరూ నా పెట్టెలు చెరోటి పట్టుకుని ఒకళ్ల ముఖం మీద ఒకళ్లు ఊపుకుంటున్నారు. మనుషులు ఆట నచ్చకపోతే ఆటని వదిలేసి ఊరుకోరు, అది నచ్చినవాణ్ణి పట్టుకుంటారు.

“మార్చేస్తారా అమ్మా?” అని మొయినుద్దీన్ చెయ్యి చాపాడు.

ఎస్తేరు సంచి జిప్పు సగం తీసింది. మళ్లీ మూసేసింది. “రేపొస్తాను భాయ్” అంది. ఇంట్లో మాత్రం “ఇచ్చేశానన్నయ్యా” అని చెప్పింది.

ఆ రోజునించి మధ్యాహ్నాలు నావి. వాళ్లమ్మ బడిలో టీచరు, సాయంత్రంగానీ రాదు. కృపాకర్ ఐదున్నరకి వస్తాడు. ఒంటిగంటకి ఎస్తేరు తిని, తలుపేసుకుని, టీవీ గొంతు నొక్కేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నన్ను తిప్పేది. ఆ పిల్ల ఆడుతుంటే చూడాలి! వీపు నిటారుగా, కళ్లు మెరుస్తూ, తనలో తను నవ్వుకుంటూ. ఒక్కో రాక్షసుణ్ణీ పడగొట్టి “పో!” అనేది. నన్ను అంతగా ప్రేమించిన మనిషి ఆమే. కానీ నాలుగున్నరకల్లా నన్ను తీసి, పాత నోట్‌బుక్కుల కింద దాచేది. నాకది నచ్చలేదు. దొంగసొత్తుగా బతకడానికి కాదు కదా ఓడెక్కి వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు బ్యాంకులో ఫోను లైన్లు తెగిపోయి కృపాకర్‌ని మూడింటికే పంపేశారు. ఆయన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చాడు. హెడ్‌ఫోన్లున్న పిల్లకి వినపడలేదు. ఆయన చెప్పులు విప్పి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇల్లంతా నిశ్శబ్దం, ఫ్యాను కూడా లేదు. కరెంటు ఆదా అని కాదు, ఆటలో మునిగి ఫ్యాను వెయ్యడం మరిచింది. ఆ నిశ్శబ్దంలో ఉన్న చప్పుడల్లా ఒక్కటే. తిరుగుతున్న నేను. ఆగిపోదామంటే అది నా చేతిలో లేదు.

ఆయన వచ్చి ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. ఎస్తేరు కెవ్వున అరిచింది.

“డిస్కు తిరుగుతోంది, ఎస్తేరూ.”

ఆమె హెడ్‌ఫోన్లు తీసింది.

“ఇచ్చేశానన్నావు.”

“అన్నాను.”

“అంత చెత్త ఆటని దాచుకుని ఆడాలా? నాతో చెబితే వద్దంటానా?”

“అనవు. ఏమీ అనవు. పక్కన కూర్చుని నిట్టూరుస్తావు” అంది. తర్వాత మాట ఆపుకోలేకపోయింది. “నాకిది బాగుంది అన్నయ్యా. ఇందులో నాకు భయమెయ్యదు. నా ఇష్టమొచ్చిన వైపు వెళ్తాను, ఆగమనేవాళ్లు లేరు.”

“మనిద్దరం ఎంత బాగా ఆడేవాళ్లమే...”

“ఆడింది నువ్వు. భయపడింది నేను.”

కృపాకర్ సోఫా కోసం చెయ్యి చాచి, దొరకబుచ్చుకుని కూర్చున్నాడు. “భయమేసేదా?”

“ప్రతిసారీ. నువ్వు వినేవాడివి. నేను చూసేదాన్ని. తలుపు తీస్తే ఆ మసకచీకట్లో దాని ముఖం నాకే కదా కనపడేది. రాత్రుళ్లు అమ్మ పక్కలో పడుకునేదాన్ని.”

“చెప్పలేదేం?”

“నువ్వు నవ్వుతున్నావు. ఎలా చెప్పను?”

నన్నందరూ ద్రోహి అన్నారు. తిట్టించుకోవడం అలవాటైంది. కానీ ఆ మాట విన్న మనిషి ముఖం చూశాక, నేను చేసిన ద్రోహం ఏపాటిదనిపించింది. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క మంచి జ్ఞాపకం, నాలుగు మాటల్లో, ఆయన చేతుల్లోంచి వెళ్లిపోయింది. ఆ పిల్ల అయినా ఏం చేస్తుంది? ఐదేళ్లుగా మోసింది.

చివరికి ఆయనే, “ఆడు. నేనూ ఉంటాను. నిట్టూర్చను” అన్నాడు.

ఎస్తేరు టీవీ గొంతు పెంచింది. అరగంటపాటు తుపాకులు, పేలుళ్లు. కృపాకర్ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. అప్పుడు ఇల్సా ఒక చిన్న తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది. అది ఉప్పు కొట్టు.

చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు. బస్తాల వెనక చిన్న ఊపిరి. కృపాకర్ ఒక్కసారిగా ముందుకి వంగాడు. ముఖం వెలిగింది.

“ఆగు! కదలకు. ఎడంపక్క, బస్తాల వెనక ఎవరో ఉన్నారు. అది ‘అది’ కాదు ఎస్తేరూ, చిన్న ఊపిరి. విను...”

నా ఒళ్లంతా ఆ గోరంత చోటులోకి వచ్చేసినట్టయింది. మార్గిట్ చేసి వదిలిన ఒక్క గదినీ, ఈ ప్రపంచంలో వినగలిగినవాడు వింటున్నాడు.

ఎస్తేరు కాల్చింది. ఆయన మాట సగంలో ఉండగానే. కావాలని కాదు. మూడు వారాలుగా వేలికి అదే అలవాటు. బస్తాలు చిరిగాయి, ఉప్పు రాలింది, ఊపిరి ఆగిపోయింది. వెంటనే తలుపు బద్దలుకొట్టుకుని ఇరవైమంది వచ్చారు, మళ్లీ యుద్ధం.

గోల తగ్గాక కృపాకర్ మెల్లగా అడిగాడు. “ఎవరది?”

“చూడలేదన్నయ్యా.”

ఆయన తలాడించి, లేచి తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. రేడియో వార్తలు మొదలయ్యాయి.

మిగతా ఆటని ఎస్తేరు బాహాటంగానే, హెడ్‌ఫోన్లు లేకుండానే పూర్తిచేసింది. దాచాల్సిన పనిలేదు కదా. కానీ మునుపటి మెరుపు లేదు. పని ముగించేదానిలా ఆడింది. నా ముగింపు ఇదీ: తండ్రి దొరుకుతాడు. సగం రాక్షసుడై ఉంటాడు. ఇల్సా ఆయన్ని రాకెట్‌తో పేల్చేసి, మండుతున్న లైట్‌హౌసుకి వీపుపెట్టి నడిచి వెళ్లిపోతుంది. ఆ పేలుడుకి వంటింట్లో గ్లాసులు మోగాయి. పక్కగదిలో రేడియో ఆగింది.

ఆ సాయంత్రం కృపాకర్ హాల్లోకి వచ్చి కూర్చుని, “చివర్న వాళ్ల నాన్న వచ్చాడా?” అన్నాడు.

ఎస్తేరు నన్ను పెట్టెలోంచి తీస్తోంది. వేలికి గుచ్చుకుని అలాగే ఉండిపోయాను.

“వచ్చాడు” అంది. “తలుపు కొడతాడు. ఇల్సా లాంతరు ఆర్పేసి వింటుంది. అడుగుల చప్పుడు ఆయనదేనా కాదా అని. కుడికాలు కొంచెం ఈడుస్తాడు కదా... అది వినిపిస్తుంది. అప్పుడు గడియ తీస్తుంది.”

“అంతేనా?”

“అంతే. తలుపు తెరుచుకున్న చప్పుడుతో అయిపోతుంది.”

“బాగుంది” అన్నాడు కృపాకర్.

నాలో అలాంటి ముగింపు లేదు. గోడవతల పేలుడు విన్న ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఆయనకి తెలుసని ఎస్తేరుకి తెలుసో లేదో చెప్పలేను. నా కడుపులో ఉన్నదాన్ని పక్కకి నెట్టేసి, నా పేరుమీద వాళ్లిద్దరూ వేరే కథ చెప్పుకుంటుంటే, నేను ఆమె వేలికి ఉంగరంలా వేలాడుతూ విన్నాను. ఒకళ్లు మనల్ని వదిలేయడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

శనివారం ఆయన ఒక్కడే నన్ను దుకాణానికి తీసుకెళ్లాడు.

“పూర్తి చేశారా సార్? ఎలా ఉంది చివర?” అన్నాడు మొయినుద్దీన్.

కృపాకర్ చెప్పాడు. తలుపు, ఆర్పేసిన లాంతరు, ఈడ్చుకుంటున్న కుడికాలు, గడియ. ఏదీ వదలకుండా చెప్పాడు.

మొయినుద్దీన్ ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. “నేనూ ఆడాను సార్. దీంట్లో అలా లేదే...”

“తెలుసు భాయ్. మా చెల్లి ఆడినదాంట్లో అలా ఉంది.”

కర్ర తడుముకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. కొత్తది ఏదీ తీసుకోలేదు. మొయినుద్దీన్ నన్ను బనీనుకి తుడిచి, వెనక్కొచ్చిన వాళ్ల అరలో పెట్టాడు. అక్కడ అప్పటికే నావంటివాళ్లు పదకొండుమంది ఉన్నారు. ఎవరికి ఏం జరిగిందో ఒకరినొకరం అడగలేదు.