దాలమ్మ పులుసులో ఉప్పు

మహాకవి మా పేటకు వచ్చింది ఒక్కసారే. ఒక పూట భోంచేసి, ఒక పద్యం రాసి వెళ్లిపోయాడు. దాలమ్మ పెట్టిన చేపల పులుసు తిన్నాక సముద్రపు నీళ్లు కూడా తియ్యగా తోచాయని దాని సారాంశం. అరవై ఏళ్లుగా ఆ పద్యం అందరి నోళ్లలోనూ ఉంది. భావనపాడు బీచికి వచ్చినవాళ్లు పనిగట్టుకుని ఇక్కడిదాకా వచ్చి, "ఆ ఉప్పు పులుసు ఊరు ఇదేనా?" అని అడుగుతారు. ఆయన వచ్చినందుకు గర్వపడాలో, రాసినందుకు ఏడవాలో మాకు తెలియదు. ఆ పద్యాన్ని ఏటా బళ్లో నవ్వకుండా చెప్పాల్సిన ఖర్మ తెలుగు మాస్టారిగా నాది.

దాలమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ మనవరాలు బుల్లమ్మ మా పక్కిల్లే, నాకు పిన్ని వరస. చేపలమ్ముతుంది. శ్రీకాకుళంలో గంప దించితే చాలు, "మీ పేట చేపకి ఉప్పు వేరే వెయ్యక్కర్లేదుగా" అని ఎవరో ఒకరు నవ్వుతారు. పిన్నికి ఒళ్లు మండిపోతుంది. మండదూ మరి?

అలాంటి సమయంలో మహాకవి మనవరాలు తన్మయి నాకు ఫోన్ చేసి, మా పేట చూడ్డానికి వస్తానంది. పిన్నితో చెప్పాను.

"భోజనం మా ఇంట్లోనే," అంది పిన్ని. "మా అమ్మమ్మ వండినట్టే వండుతాను. ఉప్పు సరిపోయిందని ఆ పిల్ల సేత కాయితం మీద రాయించాల. ఇన్నేళ్లు పడ్డ మాట పోవాల. తెలిసిందేట్రా శంకరూ?"

మా పేటలో ఏ ఇంటికి పెద్ద చుట్టం వచ్చినా ఆ ఇంటి పొయ్యి దగ్గరికి ఆడవాళ్లంతా సాయానికి చేరతారు. పిలవక్కర్లేదు. చెయ్యి వెయ్యకపోతేనే తప్పు. పిన్ని మాత్రం ఆ రోజు ఎవరినీ గుమ్మం తొక్కనివ్వలేదు. మొగుడు జోగయ్యని పొయ్యి పక్కన స్టూలేసి కూర్చోబెట్టింది.

"కుండ మీద మూత ఎవులు తీసినా కేకెయ్యి," అంది.

ఆయన పాపం నీళ్లు తాగడానికైనా లేవలేదు. ఆడవాళ్లు ఎదురరుగు మీద కూర్చుని మూతులు తిప్పుకున్నారు.

తన్మయి వచ్చింది. కోనాం చేప పులుసు వడ్డించారు. నాలుగు ముద్దలు తిని, "ఉప్పు సరిగ్గా సరిపోయిందండీ," అంది. పిన్ని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను కాగితం తీశాను.

అప్పుడే అరుగు మీంచి లక్ష్మణమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి. కర్ర పట్టుకుని గుమ్మంలోకొచ్చి బావురుమంది.

"దాలమ్మ తప్పేటీ నేదు తల్లీ. అప్పుడు నాను కొత్త కోడల్ని. పొయ్యికాడ ఊరికే నిలబడితే మా అత్త తిడతాదని, ఎవులూ సూడకుండా గుప్పెడు ఉప్పేసినాను."

తన్మయి మెల్లగా ఫోన్ తీసి వీడియో పట్టింది. అంతే, వెనకనుంచి ఎదురింటి నూకయ్య తోసుకొచ్చాడు.

"మాయమ్మ కూడా ఏసిందమ్మా! నాతో సెప్పింది."

"మా నాయినమ్మ రెండుసార్లు ఏసింది," అన్నాడు గంగులు. "నా పేరు కూడా ఎక్కించండి."

చూస్తుండగా పదకొండిళ్లవాళ్లు ఉప్పేసినట్టు తేలింది. అరవై ఏళ్లు కిక్కురుమననివాళ్లు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీలే, పిన్ని కోరిక తీరిందికదా అని ఆవిడ వైపు చూశాను. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నోరుముయ్యండెహె!" అంది. "నవ్వులపాలైనప్పుడు మేమొక్కలమే. ఇప్పుడు ఫోన్లో పడతారంటే అందరూనా? పద్యంలో పేరెవులిదిరా నూకయ్యా? మీయమ్మదేటి? దాలమ్మది! ఆ ఉప్పు మా అమ్మమ్మే ఏసింది. మొత్తం తనే ఏసింది!"

లోపలికెళ్లి దోసెడు కల్లుప్పు తెచ్చి కుండలో పోసింది. గరిటెతో గిరగిరా కలిపి తన్మయి కంచంలో వడ్డించింది.

"తిను తల్లీ. మీ తాత తిన్నది ఇదే."

తన్మయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని, అతి కష్టం మీద మింగింది. రెండు చెంబుల నీళ్లు తాగాక గొంతు పెగుల్చుకుని అడిగింది.

"సముద్రం ఎటువైపండీ?"

పిన్ని మొహం విప్పారింది. "ఇప్పుడు రాయించరా శంకరూ," అంది.

తన్మయి రాసింది. పిన్నికి చదువు రాదు కాబట్టి నా చేత రెండుసార్లు చదివించుకుంది. దాలమ్మ ఇంటి పులుసులో ఉప్పు ఎక్కువైందని చదివిన రెండుసార్లూ తలెత్తి నూకయ్య వైపు చూసింది.