పద్నాలుగు మంది ఉన్న గోడ

సున్నం పని ఉందని మాత్రమే చెప్పి మేస్త్రీ సున్నాలక్కను బండెక్కించాడు. ఏ గోడో చెప్పలేదు.

బట్టల ఫ్యాక్టరీ ముందు దిగి సున్నాలక్క గోడ వైపు చూసింది. గోడ నిండా పద్నాలుగు మంది ఆడవాళ్లు. పోయిన నెల కుట్టు హాలుకు నిప్పంటుకున్నప్పుడు లోపల కాలిపోయినవాళ్లు. ఆ రోజు తలుపుకు బయట తాళం వేసి ఉంది. కాలేజీ విద్యార్థులు, ఫ్యాక్టరీ దర్జీలు కలిసి వేసిన బొమ్మ అది. మిషన్ల కింద నుంచి ఎరుపు, పసుపు, నీలం గుడ్డలు పొంగి, ఏరుల్లా వీధిలోకి దూకుతున్నాయి. బతుకంతా గోడలకు తెల్లరంగు పూసిన మనిషి ఆమె. ఇన్ని రంగులు ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. వాటి నడుమ, ఆకుపచ్చ రవికెలో, ఆమె చెల్లెలు.

ఆస్పత్రిలో చెల్లెల్ని మూటగట్టి ఇచ్చారు. ముఖం చూస్తానంటే "చూడలేవమ్మా" అన్నారు. ఇప్పుడు ఆ ముఖమే ఆమెను చూస్తోంది. సున్నాలక్క పక్కకు జరిగింది. బొమ్మ చూపు కూడా ఆమెతో జరిగింది.

"ఏంటలా నిలబడిపోయావు? విచారణకి పెద్దాఫీసర్లు వస్తున్నారు. ఈలోగా తెల్లగా అయిపోవాలి," అన్నాడు మేస్త్రీ.

"అది నా చెల్లెలయ్యా."

"బొమ్మేగా."

"నాకు మిగిలింది ఆ బొమ్మే. నేను వెయ్యను."

మేస్త్రీ బకెట్ లాక్కుని, సున్నం తనే గోడ మీదికి విసిరాడు. చెల్లెలి ముఖం తెల్లబడిపోయింది.

అప్పుడే షిఫ్టు వదిలారు. గేటు దగ్గర జనం ఆగిపోయారు.

"పదండి పోదాం. గోడ ఓనర్లది. ఉన్న పని కూడా ఊడుతుంది," అన్నాడు ఇస్త్రీ పనివాడు.

"గోడ వాళ్లదేరా. దాని మీదున్నది ఎవరు?" అంది ముసలి దర్జీ అవ్వ. "తాళం వేసిందెవరని మనం అడగలేదు. గోడ మీదున్న వీళ్లు అడుగుతున్నారు. అందుకే తుడిచేస్తున్నారు."

అవ్వ కొంగు తడిపి గోడ మీద పెట్టబోయింది.

"నువ్వాగవ్వా, చేతులు పొక్కుతాయి," అంటూ సున్నాలక్క ముందుకొచ్చింది. "సున్నం ఆరితే ఇక రాదు. నీళ్లు పోస్తూ ఉండండి."

బిందెలొచ్చాయి. ఒకళ్లు పోస్తుంటే ఒకళ్లు తుడిచారు. అరచేతులు మండుతున్నా ఆమె ఆపలేదు. చెల్లెలి ముఖం మెల్లగా తేలింది, పొగలోంచి వస్తున్నట్టు.

మేస్త్రీ పిలిచిన పోలీసులు వచ్చేసరికి ఒక్కో బొమ్మ ముందు ఒక్కొక్కరు నిలబడి ఉన్నారు. చివరి బొమ్మ ముందు ఇస్త్రీ పనివాడు. "ఈమె రోజూ నన్ను పలకరించేది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఒక్కొక్కరినీ లాగి వ్యాన్‌లో పడేశారు. జాలీలోంచి సున్నాలక్క వెనక్కి చూసింది. ఖాళీ అయిన చోట్లలో రెండో షిఫ్టువాళ్లు వచ్చి నిలబడుతున్నారు. ఆఫీసర్ల కారు వచ్చి ఆగింది.

"తాళం వేసిందెవరు సార్?"

గోడ దగ్గర నుంచి ఒక ఆడగొంతు. అడిగిందెవరో వ్యాన్‌లోని సున్నాలక్కకు కనిపించలేదు. ఆఫీసరు కూడా వరసంతా వెతికాడు, ఆ చివర నుంచి ఈ చివరకు. ఇంకో గొంతు అడిగింది. తర్వాత గోడంతా అడిగింది.