ఎదురొచ్చిన వదిన

కూర్మనాథం నడకకు బయల్దేరే వేళకు సుందరమ్మ పశువులసాలలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. మొగుడు పోయిన మనిషి. పని మీద బయల్దేరేవాళ్లకు ఎదురుపడకూడదు. పడితే వాళ్లు ఇంట్లోకి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోవాలి. ఆమె మరిది కూర్మనాథానికి ఆ కూర్చోవడం ఒక్కటి దొరికితే చాలు, మళ్లీ లేచేది భోజనానికే.

పలాసలో ఫ్యాక్టరీలు లేచాక ఉద్దానం జీడిపిక్కలకు గిరాకీ పెరిగింది. తోటల పంట కొని పలాసకు పంపే వ్యాపారం అన్నదమ్ములిద్దరిదీ. పిక్కలు తూచేదీ మోసేదీ కూలీలు, బండి తోలేది పాలేరు. వీళ్లిద్దరూ వాకిట్లో కుర్చీల్లో ఉండేవాళ్లు. ఆ కుర్చీలోంచి లేవకపోవడమే పెద్దరికం. ఊరి చివర తోటకైనా బండి కట్టాల్సిందే. పొరపాటున కాలినడకన కనపడితే "బండికేటయినాదండి బాబూ?" అంటూ ఊరంతా పరామర్శకొచ్చేది.

పెద్దవాడు సూర్యారావు అలాగే కూర్చుని కూర్చుని, పంతొమ్మిది వందల అరవై ఏడులో మంచం పట్టాడు. పెద్దపేగులో కేన్సరన్నారు. విశాఖపట్నంలో పొట్ట కోసి చూసి, చెయ్యి దాటిపోయిందని కుట్టేసి పంపేశారు. అంత భారీ మనిషీ చివరికి సుందరమ్మ ఒక్కతే ఎత్తి కూర్చోబెట్టేంత తేలికైపోయాడు. మామగారు పోయింది కూడా దీంతోనే అయి ఉంటుందని అప్పుడు అర్థమైంది. ఆయన రోజుల్లో దానికి పేరు తెలియదు.

ఆ తర్వాత సుందరమ్మే పట్టుబట్టి మరిదినీ, అతని భార్య రమణినీ టెక్కలి డాక్టరు దగ్గరికి పంపింది.

"ఇప్పటికేమీ లేదు. కానీ మీ ఇంట్లో ఇద్దరు పోయారు," అన్నాడట డాక్టరు. "ఈ జబ్బుతో నా దగ్గరికొచ్చేవాళ్లలో కూర్చుని బతికేవాళ్లే ఎక్కువ కనపడుతున్నారు. రోజూ చెమట పట్టేదాకా నడవండి. నడిస్తే రానే రాదని మాటివ్వలేను. కూర్చుంటే మాత్రం దాన్ని మనమే పిలిచినట్టు."

రమణి నోట ఆ మాట విన్నప్పటి నుంచి సుందరమ్మకు అదే ధ్యాస. తను కాపురానికొచ్చేనాటికి కూర్మనాథం లాగూలు వేసుకునే పిల్లాడు. చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచింది. వీణ్ణి కూడా పోగొట్టుకుంటే ఇక తను ఎవరి కోసం బతకాలి?

నడక మొదలైంది గానీ సాగలేదు. కొన్నాళ్లు వెళ్లి, ఒకనాడు "వొదినెదురొచ్చింది" అని తిరిగొచ్చాడు. తర్వాత అదే అలవాటైంది. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. చూసినవాళ్లంతా సుందరమ్మనే చూశారు. నా మొహమే వీడి ప్రాణాల మీదికొచ్చిందా అని కుమిలిపోయి, ఆమె సాలలో దాక్కోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దెక్కాక సాలలోంచి బయటికొస్తే, మరిది కుర్చీలో కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఎల్లలేదేటి?" అని రమణిని అడిగింది.

రమణి తల దించుకుంది. "గుమ్మం దాటగానే నువ్వెదురొచ్చినావంట గదక్కా."

సుందరమ్మ చీర నిండా గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. రమణి వాటిని చూసి, ఒక్కొక్కటే ఏరి పారేసింది. సుందరమ్మకు కోపం రావడానికి కాసేపు పట్టింది. వచ్చాక మాత్రం తగ్గలేదు. మొగుడు పోయిన దుఃఖం తనదైతే, దాన్ని ఈ మహానుభావుడు తన బద్ధకం మీద దుప్పటిలా కప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆమె ఇంటికి వీపు పెట్టి వీధిలో నిలబడింది. కూర్మనాథం గుమ్మంలోకొచ్చి ఆగిపోయాడు.

"ఏటిది వొదినా?"

"నేనెదురు రానేదు బాబూ. ముందు నడుత్తన్నాను. ముందు నడిసే మనిసి ఎదురెలాగ పడతాది? నా ఎనక రా."

"ఊరు సూత్తాది."

"సూడనీ. మీ అన్న పాడె ఎల్లినప్పుడూ సూసింది."

ఆమె నడిచింది. జీడితోటల మధ్య దారంతా ఇసుక, పాదాలు దిగబడిపోతున్నాయి. వెనక అతని ఆయాసం వినపడుతోంది. అతను ఆగితే ఆమే ఆగింది, తిరిగి మాత్రం చూడలేదు. కొబ్బరితోటలు దాటగానే సముద్రం. దారి అక్కడితో సరి.

ఇక తిరగాలి. తిరిగితే ఎదురుపడాలి. సుందరమ్మ అలల వైపు చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు ముందు తిరుగు," అంది. "నీ ఎనక నేనొత్తాను."

అతని ఆయాసం వెనక అక్కడే వినపడుతోంది.

"నిన్న నేను సాలలో ఉన్నాను బాబూ. నా మొగం నీకు అడ్డయితే సెప్పు, మా పుట్టింటికెలిపోతాను. కాపోతే అబద్దమాడకు. మీ అన్నకి బండి కట్టమని నేనే కేకేసీదాన్ని. అదే గొప్పనుకున్నాను. రమణిని నాలాగ సెయ్యకు."

కూర్మనాథం ఆమెను చుట్టి వచ్చి, నీళ్లలో దిగి ఎదురుగా నిలబడ్డాడు. మొహమంతా చెమట. అన్న పోయాక అతను ఆమె మొహంలోకి సరిగ్గా చూడటం ఇదే మొదలు.

"బయమేసింది వొదినా," అన్నాడు. "నడిసినప్పుడల్లా నాకూ అదొత్తాదనే తలపు. కూకుంటే మర్సిపోయీవోణ్ణి."

సుందరమ్మ చెంగుతో అతని మొహం తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే.

"రేపు సాలలోకెల్లకు," అన్నాడు కూర్మనాథం. "గుమ్మం కాడుండు."

మర్నాడు సుందరమ్మ గుమ్మానికి ఎదురుగా నిలబడింది. వీధిలో వాళ్లు పని ఆపి చూస్తున్నారు. కూర్మనాథం చెప్పులు తొడుక్కుని వచ్చాడు, ఆమె మొహం చూశాడు, మెట్లు దిగి ఆమె పక్క నుంచే సముద్రం దారి పట్టాడు. వెనక్కి తిరగలేదు.