థాంక్స్ చెప్పకూడని మొక్క

నా పూలమడుల్లో పేరుచీటీలు ఉండేవి కావు. ఎందుకుండాలి? నలభై ఏళ్ళుగా నా చేత్తో నాటి, నా చేత్తో పెకలించి, నా చేత్తో విడదీసిన మొక్కలకి పేర్లు రాసిపెట్టుకోవాలా? కన్నపిల్లల మెడలో ఎవరైనా చీటీ కడతారా? అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు చెప్పేదాన్ని. నా పొగరు అది. ఆ పొగరు ఓ ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో ముగ్గురి ప్రాణాలమీదికి తెచ్చింది.

నావి ఏటా విత్తనం చల్లే పూలు కావు. చలి రాగానే చచ్చినట్టు నేలలోకి పోయి, వసంతంలో వాటంతటవే లేచే రకం. నవంబరులో ఎండుకాడలు కోసేశామా, మడిలో కనబడేది బురదే. ఏ దుంప ఎక్కడుందో మనసులో ఉండాలి. నాకు ఉండేది. కళ్ళజోడు మాత్రం సొరుగులో ఉండేది, పెట్టుకుంటే ముసలిదాన్నయిపోతానని. అప్పటికి అరవై ఎనిమిది నాకు!

ఆ ఏడే మా సందు చివరింట్లోకి బర్మింగ్‌హామ్ నుంచి ఓ కుటుంబం దిగింది. గ్లెనిస్, ఆమె మొగుడు డెరెక్, మూడేళ్ళ టెస్సా. గ్లెనిస్‌కి మట్టి తెలీదు గానీ ఆశ మాత్రం బండెడు. ఓ రోజు నా కంచె పట్టుకుని నిలబడింది.

"టాండీ గారూ, ఒకసారి నాటితే ఏటా పూసే మొక్కలు కావాలండీ. ఏవి మంచివి?"

"ముందు చెప్పు, నీది ఎండ మడా, నీడ మడా?"

"అది... చూళ్ళేదండీ."

"చూడకుండా పూలేం పెంచుతావే పిల్లా? ఓ రోజంతా గుమ్మంలో కూచుని నీడ ఎటు తిరుగుతోందో చూడు. తరవాత పొడుగువి వెనక, పొట్టివి ముందు. పియొనీని ఒకచోట పెట్టాక మళ్ళీ కదపకు, అలిగి రెండేళ్ళు పుయ్యదు. ఫ్లాక్స్ గుబురెక్కితే తవ్వి విడదియ్యి. వెనక వరసకి నీలంది ఏదో ఒకటి నేనిస్తాలే."

పాపం, తలూపింది. రాసుకుంది కూడా.

ఆ నవంబరులో ఓ గురువారం నేను రెండు రకాల దుంపలు తవ్వాను. ఒకటి ముసుగుపువ్వు. నిలువెత్తు పెరిగి, టోపీ పెట్టుకున్నట్టుండే నీలిపూలు పూస్తుంది. దుంప ఒట్టి విషం, మందులషాపు వాళ్ళు వసనాభి అనేది దాన్నే. గుబురు పెరిగిపోయిందని విడదీసి మళ్ళీ నాటబోతున్నా. రెండోది ఘాటుదుంప, మా ఆయన ఆర్థర్ అదే మడి మూల నాటింది. ఆయన పోయాడు గానీ అది పోలేదు. తురిమి మీగడలో కలిపి ఆదివారం గొడ్డుమాంసం పక్కన వేసుకోకపోతే మా ఊరివాళ్ళకి ముద్ద దిగదు. రెంటినీ ముక్కలు కోసి, చెరో బుట్టలో వేసి, వెనక గుమ్మం దగ్గర పెట్టాను. రెండిటికీ ఒకటే బురద. ఎడమది విషం, కుడిది కూర. బుర్రలో రాసేసుకున్నా.

శుక్రవారం వాన కురుస్తుంటే బుట్టలు లోపలికి జరిపాను. ఏది ఎటువైపు పెట్టానో ఈనాటికీ గుర్తులేదు.

శనివారం గ్లెనిస్ గేటు ముందు నుంచి పోతుంటే, కుడి బుట్టలోంచి నాలుగు దుంపలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. "ఇదిగో, రేపటికి" అన్నా. ఆదివారం మాంసంలోకి అని నా ఉద్దేశం. అది వేరే చెప్పాలా?

"అయ్యో, థాంక్సండీ!" అంది.

"నోర్ముయ్!" అని ఒక్క అరుపు అరిచాను. "మొక్కకి థాంక్స్ చెప్తారటే? చెప్తే బతకదు. తీసుకుని మాట్లాడకుండా పో!"

నిజానికి తినడానికిచ్చిన దానికి ఆ పట్టింపు లేదు. కానీ మట్టి అంటుకున్నదేదైనా చేయి మారిందంటే, మా అమ్మ దగ్గర నేర్చిన ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వస్తుంది. పిల్ల మొహం ఎర్రబడింది. తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పన్నెండున్నరకి నా వంటింట్లో నా వంతు దుంప చెక్కి తురమడం మొదలెట్టాను. ఘాటుదుంప తురిమితే ముక్కు, కళ్ళు ఏకమైపోతాయి. ఆర్థర్ కిటికీ బయట నిలబడి తురిమేవాడు, ఏడుస్తూ, తిట్టుకుంటూ. నేను సగం దుంప తురిమాను. కంట చుక్క రాలేదు.

ఈ ఏడు వానలెక్కువ, ఘాటు చచ్చిందేమోలే అనుకున్నా. వేలి చివర ఇంత తీసి నాలుక మీద వేసుకున్నా.

కారం లేదు. ఉండుండి నాలుక చివర చిమచిమ మొదలైంది. చీమలు పాకినట్టు పెదవుల మీదికి వచ్చింది. తుపుక్కున ఉమ్మేశాను. నోరు కడిగాను, మళ్ళీ కడిగాను. సొరుగు లాగి కళ్ళజోడు పెట్టుకుని బుట్టలోకి చూశాను. పొట్టిగా, నల్లగా, తోకలు తీసిన క్యారెట్ల లాంటి దుంపలు.

గ్లెనిస్‌కిచ్చిందీ ఆ బుట్టలోంచే.

గోడ గడియారం పన్నెండూ నలభై ఐదు. ఆ ఇంట్లో ఒంటిగంటకి భోజనం. టెస్సాకి మీగడ అంటే ఎంత పిచ్చో నాకు తెలుసు. మా ఇంట్లో ఫోను లేదు, వాళ్ళింట్లోనూ లేదు. కోటు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.

సందు పొడుగునా వాననీళ్ళు. పరిగెత్తడం మానేసి ఇరవై ఏళ్ళైంది. దేవుడా, ఇంకా బల్ల దగ్గర కూచుని ఉండకూడదు, ఇంకా వడ్డించి ఉండకూడదు. ఇదొక్కటే పాట నా తలలో. చర్చి మలుపులో కాలు జారి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, నొప్పి తెలీలేదు. వేళ్ళు మొద్దుబారుతున్నాయి. గుండె ఒక కొట్టు కొట్టి, ఆగి, రెండు కొట్లు కలిపి కొడుతోంది. నేను చస్తే చచ్చాను, ఆ పిల్ల నోట్లోకి పోకూడదు. అంత భయం ఆర్థర్ పోయిన రోజున కూడా పడలేదు.

వాళ్ళ కిటికీలోంచి చూశాను. ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు. మాంసం కోసేసి ఉంది. మధ్యలో గిన్నెలో తెల్లగా మీగడ. టెస్సా నోట్లో చెంచా ఉంది.

తలుపు తోసుకుని వెళ్ళి, చేత్తో ఒక్క ఊపు ఊపాను. గిన్నె గోడకి తగిలి పగిలింది. టెస్సాని పట్టుకుని నోట్లో వేలు పెట్టాను. పిల్ల కెవ్వుమంది.

"ఏంటిది! పిచ్చి పట్టిందా ఈవిడకి!" డెరెక్ లేచి నా భుజం పట్టుకున్నాడు.

విషం అనబోయాను. నాలుక తిరగలేదు. "విహం... విహం..." అంటున్నా.

"తాగొచ్చింది," అన్నాడు డెరెక్.

"ఆవిడ తాగరు, వదులు!" గ్లెనిస్ నా మొహం దగ్గరికి వచ్చింది. "ఏమైందండీ? ఏంటి విహం?"

నేలమీది తెల్లటి ముద్దని చూపించాను. "దుంప... నా దుంప..."

"అదా? అది కొట్లో కొన్న సీసాదండీ! మీ దుంపలు నిన్ననే నాటేశాను కదా!"

నాకు అర్థం కాలేదు.

"రేపటికల్లా నాటెయ్యమన్నారనుకున్నా. థాంక్స్ చెప్తే బతకదని అంత కోప్పడ్డారు కదండీ, మరి మొక్కే కదా? వెనక వరసకి నీలందేనని..." దాని కళ్ళనిండా నీళ్ళు. "థాంక్స్ చెప్పేశాను కదా, మొక్క చచ్చిపోతుందేమోనని రాత్రంతా నిద్ర లేదు నాకు."

కూలబడుతూ నోరు చూపించి, "నేను తిన్నా" అన్నాను. అదెలా అర్థం చేసుకుందో ఆ తల్లి! "డెరెక్, వ్యాన్ తియ్యి!" అని అరిచింది. దారంతా నా తల ఒళ్ళో పెట్టుకుని, "కళ్ళు ముయ్యకండి, పూల పేర్లు చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి" అని చెంపలు తడుతూనే ఉంది. పియొనీ అన్నాను. ఫ్లాక్స్ అన్నాను. తరవాత ఒక్క పేరూ గుర్తు రాలేదు. నా పిల్లల పేర్లు!

దీనికి విరుగుడు లేదట. ఆస్పత్రిలో ఛాతీకి తీగలు తగిలించి, గుండె ఎటు పోతే అటు పట్టుకొచ్చారు. వేలి చివరంత తిన్నాను కాబట్టి మిగిలానన్నాడు డాక్టరు. చెంచాడు తిని ఉంటేనో అని అడిగాను. ఆయన తీగలు సరిచేసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు గ్లెనిస్ వచ్చి మంచం పక్కన కూచుంది. దాని గోళ్ళ సందుల్లో మట్టి. ఆ చేతులు చూడగానే, విషం దుంపలు మళ్ళీ ముట్టుకుందేమోనని అడిగాను.

"ఆ దుంపలు..."

"అలాగే ఉన్నాయండీ మడిలో. ముట్టుకోలేదు. మీరొచ్చి చెప్పాకే తీస్తాం."

పెదవుల్లోకి అప్పుడప్పుడే చురుకు వస్తోంది. దాని చెయ్యి పట్టుకున్నాను. జన్మలో ఎవరితోనూ అనని మాట, మెల్లగా కూడబలుక్కుని అన్నాను.

"థాంక్స్, గ్లెనిస్."

పిల్ల గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అయ్యయ్యో, అనకండి! నేనన్నది చాలు, మీరు కూడా అంటే అది చచ్చిపోతుంది!"

ఆ చెయ్యి తప్పించి, "చావనీవే తల్లీ" అన్నాను.