మా వదిన రెండొందల పన్నెండు సార్లు దిగింది

ముందే ఒప్పేసుకుంటాను. ఐదు వారాల పాటు మా వదిన సైకిల్ మీద ఏమేం చేస్తుందో ఆమెకు తెలియకుండా లెక్కపెట్టి, ల్యాప్‌టాప్‌లో ఒక షీట్‌కి ఎక్కించాను. ఎవరైనా అడిగితే పరిశోధన అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి మీకు నిజమే చెబుతున్నా. అది కుళ్లు.

మాది సీటు లేని సైకిల్. ఈ ఆటని ట్రయల్స్ అంటారు. చెక్క ప్యాలెట్ల గుట్ట, సిమెంటు గొట్టం, లారీ టైరు, నా నడుమెత్తు ఉండే కేబుల్ డ్రమ్ము, వీటన్నిటి మీదుగా సైకిల్‌ని గెంతించుకుంటూ పోవాలి. స్పీడుతో పనిలేదు. కాలు కింద పెట్టకపోతే చాలు. పెట్టిన ప్రతిసారీ ఒక పాయింటు. ఐదయినా, సైకిల్ దిగిపోయినా, ఆ సెక్షన్, అంటే ఆ అడ్డంకి, పోయినట్టే, మొత్తం ఐదు పాయింట్లూ పడతాయి. మెడలో వేలాడే కార్డు మీద జడ్జి చిల్లు కొడుతుంది. చివరికి ఎవరికి తక్కువ పాయింట్లుంటే వాళ్లు గెలిచినట్టు. ఈ సైకిల్ మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ దాని చుట్టూ ఒక రౌండు తిరిగి, మిగతా సగం షాపువాడు ఎప్పుడిస్తాడని అడిగింది.

నేను నాలుగేళ్లుగా తొక్కుతున్నాను. మాకు ఈ ఆట నేర్పే మాస్టారి వెల్డింగ్ షాపు వెనక యార్డే మా క్లబ్బు. పగలు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, అందుకని నా ఆట మీద కూడా నాకో షీట్ ఉండేది: టైర్లో గాలి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, కాఫీ తాగానా లేదా. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ప్రోగ్రెస్. రెండేళ్లుగా ఆ డ్రమ్ము దగ్గర నా బండి చతికిలబడుతూనే ఉంది.

వదిన బేకరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. నడుం పట్టేసిందని మా అన్నయ్య మూలన పడేసిన సైకిల్‌ని ఎనిమిది నెలల క్రితం దులిపి తీసింది. మోచేతుల మీద పిండి కూడా కడుక్కోకుండా యార్డుకొచ్చి, అరగంట తొక్కి వెళ్లిపోయేది. నాకు మూడేళ్లు పట్టిన చోటికి ఎనిమిది నెలల్లో వచ్చేసింది.

అంతవరకూ ఓర్చుకున్నాను. కానీ పెద్ద పోటీకి మా క్లబ్బు నుంచి ఆడవాళ్లలో ఒక్కరినే పంపాలట. నెలాఖరు ఆదివారం ఆరు సెక్షన్లు, రెండు రౌండ్లు పెడతాననీ, మా ఇద్దరిలో తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు వెళ్తారనీ మాస్టారు ప్రకటించారు. నాలుగేళ్లు నేను ఎదురుచూసింది ఆ ఒక్క చోటు కోసమే.

దాంతో వదిన రహస్యం ఏమిటో తెలుసుకుందామని బయల్దేరాను. మాస్టారు మోకాళ్లన్నారు. అమ్మ, పిండి పిసికే చేతులంది. అన్నయ్య, అంతా తన సైకిల్ గొప్పతనమే అన్నాడు. వదిననే అడిగితే, "నాకేం తెలుసు? భయమేస్తే దిగిపోతా," అంది.

ఇందులో ఏదీ గడుల్లో పట్టే సమాధానం కాదు. అందుకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు గడులు: ఎక్కింది, కాలు పెట్టింది, ఫెయిల్. వదిన ఏ అడ్డంకి దగ్గరికి వెళ్లినా ముందు చక్రం దాని మీదకి లేపి, ఎక్కకుండా, వెనక్కి దూకేసేది. హ్యాండిల్ వదలకుండా రెండు కాళ్ల మీద నిలబడేది. మళ్లీ లేపడం, మళ్లీ దూకడం. అలా పదేసి సార్లు. ప్రతిదాన్నీ ఎర్ర రంగుతో ఫెయిల్‌లో వేసుకున్నాను. ఐదు వారాలకి రెండొందల పన్నెండు. నా షీట్ ప్రకారం మా యార్డులో అందరికంటే చెత్తగా తొక్కేది వదినే. యార్డులో చూస్తే వారం వారం ఆమె ఆట మెరుగవుతోంది. తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని, తప్పు వదినలోనే ఉందనుకున్నాను.

పోటీకి ముందు బుధవారం నాడు బుర్ర వెలిగింది. డ్రమ్ము దగ్గర వదిన మూడుసార్లు వెనక్కి దూకి, నాలుగోసారి మెట్టెక్కినంత తేలిగ్గా ఎక్కేసింది. ఆ దూకడాలు ఓడిపోవడం కాదు. పడాల్సి వస్తే ఎక్కడ పడాలో ముందే చూసిపెట్టుకుంటోంది. ఆ సంగతి కాళ్లకి తెలిశాక భుజాలు బిగుసుకోవడం మానేస్తాయి. ఇదంతా నా ఊహే అనుకోండి. అయినా మర్నాడు అలాగే చేసి చూశాను. మొదటి ఐదుసార్లు భయమేసింది. పదిహేనోసారికి విసుగొచ్చింది. శుక్రవారం, రెండేళ్ల తర్వాత, డ్రమ్ము ఎక్కాను.

నా గడికి ఆకుపచ్చ రంగు వేశాను. వదిన ఎర్ర గడుల పేరు మార్చడానికి రెండు నిమిషాలు చాలు. మార్చలేదు.

శనివారం నేను స్నానానికి వెళ్లినప్పుడు, సెలవు చీటీ టైపు చేసుకుందామని వదిన నా ల్యాప్‌టాప్ తెరిచింది. భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఆ ఎర్ర గడులన్నీ నేనేనా?"

"ఊరికే, ఏదో లెక్కలే వదినా," అన్నాను. గ్లాసులోకి నీళ్లు వంచుకున్నాను. దాహం లేదు.

ఆదివారం జడ్జిగా వచ్చినావిడ కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది, ఆవిడ కళ్లుగప్పి కాలు పెట్టడం కుదరదు. ముందు ఇద్దరం సెక్షన్లన్నీ నడిచి చూసుకున్నాం. తర్వాత పావుగంట వార్మప్. నేను దూకుతూనే ఉన్నాను. వదిన ఒక్కసారి కూడా దూకలేదు. నాకు కనబడింది. నోరు మాత్రం విప్పలేదు.

డ్రమ్ము వదిలేస్తే వదినే ముందుంది. రెండు రౌండ్లూ కలిపి మిగతా ఐదు సెక్షన్లలో ఆమెకి నాలుగు పాయింట్లు, నాకు తొమ్మిది. డ్రమ్ము దగ్గర మాత్రం ఆమె చక్రం అంచున ఆగింది. మామూలుగా అయితే అక్కడ హాయిగా వెనక్కి దూకి నవ్వేది. ఆ రోజు దిగకుండా వేలాడింది. బ్రేకు కీచుమంది, భుజాలు చెవుల దాకా లేచాయి, సైకిల్‌తో సహా పక్కకి పడింది. రెండో రౌండులోనూ అంతే. రెండుసార్లూ ఐదు. నేను డ్రమ్ము దగ్గర రౌండుకి ఒక్కసారే కాలు పెట్టాను. మొత్తం నాకు పదకొండు, వదినకు పధ్నాలుగు.

వదిన కుళాయి దగ్గర మోచెయ్యి కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"వార్మప్‌లో ఒక్కసారీ దిగలేదేం వదినా?"

"దిగితే ఫెయిలే కదా, నీ షీట్‌లో."

"ఆ గడి పేరే తప్పు. నేనే తప్పు పెట్టాను. బుధవారమే తెలిసింది నాకు."

"బుధవారం తెలిస్తే నిన్న అడిగినప్పుడు చెప్పొచ్చుగా."

ఏదో ఒకటి అల్లుదామనుకున్నాను. మానేశాను. "చెబితే నువ్వు గెలుస్తావని," అన్నాను.

వదిన కుళాయి కట్టేసింది. "నువ్వేదో పెద్ద లెక్కల మనిషివనుకున్నా. మామూలు ఆడపడుచువే," అంది.

మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పి, పోటీ మళ్లీ పెట్టమన్నాను. కార్డు మీద చిల్లులే తాను చదవగలననీ, ఆ చిల్లు ఎందుకు పడిందో చదవడం తనకు రాదనీ అన్నారు ఆయన. అయినా వదిన సరేనంటే బుధవారం మళ్లీ పెడతానన్నారు.

వదిన వద్దంది. "ఇదివరకు భయమేస్తే దిగేదాన్ని, అంతే. ఇప్పుడు దిగాలా వద్దా అని ఆలోచిస్తాను. బుధవారం పెట్టినా ఆలోచిస్తూనే తొక్కుతాను. నువ్వే వెళ్లు."

అది క్షమించడమో, చీవాట్లో, అలసటో నాకర్థం కాలేదు. ఫారం మీద మాస్టారు నా పేరే రాశారు.

ఇది జరిగి పది రోజులైంది. షీట్ తీసేశాను. వదిన రోజూ యార్డుకొస్తోంది, నేను డ్రమ్ము ఎక్కుతుంటే పడితే పట్టుకోవడానికి కింద చేతులు చాచి నిలబడుతోంది. తన వంతు వచ్చినప్పుడు చక్రం లేపి, ఒక్క క్షణం నా వైపు చూస్తుంది. అందుకని ఈ మధ్య నేను గోడ వైపు తిరిగి నిలబడుతున్నాను. ఒక్కోసారి రెండు కాళ్లూ కలిసి నేల మీద పడిన చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి ఎంతసేపైనా ఏమీ వినిపించదు.

నాకిప్పటికీ తెలియనిదొకటే. నేను నిజంగా ముందుకెళ్లానా, లేక వదినని వెనక్కి లాగి ముందున్నాననుకుంటున్నానా? డ్రమ్ము ఎక్కిన మాట నిజం. ఎక్కడం ఆమెని చూసి నేర్చుకున్నానన్నదీ నిజం. ఈ రెండూ పక్కపక్కన పెడితే మొత్తం ఎంతవుతుందో నాకు తేలడం లేదు.

మీకూ ఏదో ఒక పని ఎన్నాళ్లో మొరాయించి, ఉన్నట్టుండి ఒకరోజు చేతికొచ్చి ఉంటుంది. అది ఎవరి దగ్గర నుంచి వచ్చింది? వాళ్లకి చెప్పారా? ఎవరో లెక్కపెడుతున్నారని తెలిశాక చేతకాకుండా పోయిన పని మళ్లీ చేతికొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా రాయండి. ఎన్నాళ్లకి వచ్చిందో, ఎలా వచ్చిందో. వదినకు చదివి వినిపిస్తాను.