దీనా ఇంటి మీద తెల్లగీత

"దీనా! ఓలి దీనా! మళ్లీ ఏటి మింగేసేవే?"

పెరట్లో బట్టలు ఆరేస్తున్న లూర్దు మేరీ తలెత్తి చూసి కూతుర్ని పిలిచింది. పెంకుటింటికి చాలా పైన తెల్లటి గీత ఒకటి సాగుతోంది. చెన్నై వెళ్లే విమానం గీసినట్టే ఉంది గానీ, విమానం లేదు. వంటింట్లోంచి దీనా ఏమీ లేదంది. గీత ఇంకాస్త పొడుగైంది.

చెప్పాలనుకున్న మాట ఈ పిల్ల మింగితే ఆకాశంలో గీత పడుతుందని అనకాపల్లిలో ఆ వీధికంతా తెలుసు. పాలిటెక్నిక్ చదివే తమ్ముడు జెఫ్రీ దాని సంగతి విడమరిచేడు. విమానం వదిలే వేడిగాలిలో ఆవిరి ఉంటుందట. పైన చలికి అది గడ్డకట్టి మంచునలుసులై తెల్లగా కనిపిస్తుందట. పైగాలి పొడిగా ఉంటే గీత ఇట్టే కరిగిపోతుంది, తేమగా ఉంటే సాయంత్రం దాకా ఉండిపోతుంది. అక్క మాటా అంతే, లోపల వేడి, పైన చలి అన్నాడు.

దానివల్ల బాగుపడింది బెల్లం కొట్లవాళ్లు. తేమ తగిలితే బెల్లం చెమ్మగిల్లి నల్లబడుతుంది. అందుకని గీత నిలిచిన రోజున దిమ్మలు లోపలికి మోయించేవారు. గీత ఎంతసేపుందో చూసేరు గానీ, ఎందుకు పడిందని ఒక్కళ్లూ అడగలేదు.

ఎదురుకొట్టు ధనుంజయ్ మరీను. రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూసేవాడు. ఆ చూపు దారిలో తనెక్కడైనా తగులుతానేమోనని దీనా కనకాంబరాలు పెట్టుకుని మరీ అరుగు తుడిచేది. అతను మేరీతోనే మాట్లాడేవాడు.

"పిన్నీ, గీత ఉందా, పోయిందా?"

ఉందనేది మేరీ. ఎందుకుండదు, దీనా అప్పుడే ఇంకోటి మింగింది.

ఇంతలో పాయకరావుపేట సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు ఆనందకుమార్‌కి బస్టాండ్ దగ్గర ఫ్యాన్ల రిపేరు, సెల్‌ఫోన్ కార్డుల షాపు. మంచివాడు. వంక పెట్టడానికేమీ లేకపోవడమే దీనాకి కష్టమైంది.

పెళ్లికి ముందు ఫాదర్‌గారు మూడు ఆదివారాలు చర్చి పూజలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని అడగాలి. మొదటి వారం దీనా మింగింది. గీత రైల్వేస్టేషన్ దాటింది. రెండో వారమూ మింగింది. అది రోజుకింత సాగుతూ, హైవే మీదుగా నక్కపల్లి చేరింది. ఆ వారమే ధనుంజయ్‌కి పెళ్లి కుదిరిందని కొట్టువాళ్లు వీధంతా లడ్డూలు పంచేరు. దీనా లడ్డూ కూడా మింగింది.

మూడో ఆదివారం ఫాదర్‌గారు అడిగీ అడగకముందే వెనక బల్ల మీంచి ఆనందకుమార్ లేచేడు. చొక్కా నిండా దుమ్ము. తెల్లారి లేచి చూస్తే గీత తన షాపు మీదికొచ్చి ఆగి ఉందట. దాని కిందనే బండి తోలుకుంటూ వస్తే అది దీనా ఇంటి దగ్గర తేలిందట, ఎందుకు పడుతుందో వీధివాళ్లు చెప్పేరట.

"నాకు అభ్యంతరం ఉందండి," అన్నాడు. "ఆ అమ్మాయి ఏదో సెప్పలేకపోతంది. అది ఇనకుండా నేను తాళి కట్టలేను."

మేరీ కూతురి చెయ్యి గట్టిగా నొక్కింది, వద్దని. దీనాకీ తెలుసు. చెబితే ఈ మంచివాడు పోతాడు, ఆ ధనుంజయ్ రాడు. ఎప్పటిలాగే మింగబోయింది. మాట గొంతులోంచి దిగలేదు.

"నాకు ధనుంజయ్ అంటే ఇష్టమండి," అంది అందరి ముందూ. "ఆయనకి తెలీదు. తెలిసినా ఏటీ అవ్వదు. అయినా ఇష్టమే."