మిషను దారిలో సింకే కర్రలు

షర్తూ వాళ్ల గోధుమ చేను ఎండి గలగలలాడుతోంది. పడమటి కొండ మీద మబ్బు పట్టింది. కోతల కాలంలో ఆర్సీ కొండల మీదికి రాకూడని మబ్బు అది. అయినా వచ్చింది. కోత మిషను మాత్రం రాలేదు.

మిషను పట్నం ఆసామిది. కానీ అది ముందు ఏ చేలో దిగాలో చెప్పేది దళారీ హిర్పో. ఊరంతా కొడవళ్లు మూలన పడేసి చాలా కాలమైంది కాబట్టి అతగాడు ఆడిందే ఆట. కోసిన చోటే, తను చెప్పిన ధరకే, గింజలన్నీ తనకే అమ్ముతామంటే మిషను వస్తుంది. కాదంటే పక్క చేను దాకా వచ్చి మొహం తిప్పుకుని పోతుంది. అవే గోధుమల్ని కరువు నెలల్లో పిండిమరల వాళ్లు కళ్లకద్దుకుని కొంటారు. ఆ లాభం ఎటు పోతోందో హిర్పో కట్టుకున్న మేడను చూస్తే తెలుస్తుంది.

ఆ పొద్దున హిర్పో గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

“ఏం వదినా, మబ్బు చూశావా?”

“చూశాను. నువ్వే తోలుకొచ్చినట్టు మురిసిపోతున్నావే!”

“నా ధరకి ఊఁ అను. మధ్యాహ్నానికల్లా కోయిస్తాను.”

“కోత కూలి ఇస్తాను, కోయించు. గింజలు మాత్రం మా ఇంటికి పోతాయి. అమ్మాలనిపించినప్పుడు అమ్ముకుంటాం.”

“ఇంట్లో పెట్టుకుని ఎలుకల్ని మేపుతావా? ఏమయ్యా గుతా, నీ పెళ్లానికి నువ్వయినా చెప్పవయ్యా!”

షర్తూ మొగుడు గుతా మంచివాడే. గట్టిగా ఎవరైనా మాట్లాడితే మాత్రం నీళ్లు నములుతాడు. “ఇచ్చేద్దామే. తడిస్తే వెన్ను మీదే మొలకలొస్తాయి. పోయినేడూ ఇచ్చాంగా,” అన్నాడు.

“ఇచ్చి ఏం బావుకున్నాం? మన గోధుమల పిండినే వీడి అంగట్లో కొనుక్కుతిన్నాం. నీకు సిగ్గేయలేదేమో, నాకేసింది.”

హిర్పో నవ్వాడు. “సరే. మిషను కొండ అవతలి ఊరికి పోతోంది. ఇక ఇటు రాదు. ఆడది బేరానికి దిగితే ఇంతే మరి.”

షర్తూకి ఒళ్లు మండిపోయింది. విసవిసా ఇంట్లోకి పోయి, మంచం పైన వేలాడుతున్న సింకే కర్ర తీసుకుంది. పెళ్లినాడు తల్లి చేతికిచ్చిన సన్నటి కర్ర. ఆర్సీలో పెళ్లైన ఆడదానికి నగలు లేకపోవచ్చు గాని సింకే లేకుండా ఉండదు. బండి బాట మీదికి వచ్చి, నాలుక ఆడిస్తూ ఊరు అదిరేలా కేక పెట్టింది.

ఆ కేక వింటే పెళ్లైన ప్రతి ఆడదీ పొయ్యి మీదున్నది దించేసి, తన కర్ర పట్టుకుని రావాల్సిందే. రాని మనిషికి రేపు కష్టమొస్తే ఎవరూ రారు. వాళ్లు కర్రలు పట్టుకుని నిలబడిన దారిని ఏ మగవాడూ దాటకూడదు. దాటితే వాళ్ల శాపం తగులుతుంది.

ముందుగా ముసలి జిల్లో వచ్చింది, రొప్పుకుంటూ. “ఎవరే కొట్టింది? మొగుడా?”

“ఎవరూ కొట్టలేదత్తా. మిషను పోతోంది.”

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మొగుడు కొడితే ఎత్తే కర్ర ఇది. గోధుమల బేరానికి ఎత్తుతారటే? మీ అమ్మ ఎత్తిందా? మా అమ్మ ఎత్తిందా?”

“వాళ్ల కాలంలో మిషనూ లేదు, హిర్పో లేడు. మొగుడు కొట్టిన దెబ్బ నాలుగు రోజుల్లో మానుతుంది. వీడు ఏటా మన కష్టమంతా చేలోనే ఎత్తుకుపోతున్నాడు. నీది పోలేదా అత్తా? ఇది దెబ్బ కాదా?”

జిల్లో కొండ మీది మబ్బుకేసి చూసి, వచ్చి షర్తూ పక్కన కర్ర నేలకు ఆనించి నిలబడింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లెవరూ ఏమీ అడగలేదు. బాటకు అడ్డంగా వరస కట్టారు.

మిషను దడదడలాడుతూ వచ్చింది. డ్రైవరు వరసను చూసి ఇంజను ఆపేశాడు.

“ఆపావేంట్రా? పోనీ!” అని అరిచాడు హిర్పో.

“కావాలంటే నువ్వెక్కి తోలుకో. నాకూ సింకే పట్టిన అమ్మ ఉంది.”

హిర్పో పళ్లు కొరుక్కుంటూ వరస మీదికి వచ్చాడు. వరస చివర, మోచేతుల దాకా పిండితో, అతని పెళ్లాం మగర్తూ నిలబడి ఉంది.

“నువ్విక్కడేం చేస్తున్నావే?”

“కేక వినపడింది. వచ్చాను.”

“నడు ఇంటికి!”

“పోతాలే. ముందు నువ్వు దాటి చూపించు,” అంది మగర్తూ. కర్రను గట్టిగా నేలకు ఆనించింది.

హిర్పో దాటలేదు. షర్తూ ఊరుకోలేదు కూడా. “నా ఒక్క చేనే కాదు, ఊళ్లో మిగిలిన చేలన్నీ కోయాలి. కూలి తీసుకో. గింజ ముట్టుకోకు,” అంది. డ్రైవరు హిర్పోని అడగకుండానే మిషనును చేలోకి తిప్పాడు.

చినుకులు మొదలయ్యే వేళకు ఆఖరి చేలోని ఆఖరి బస్తా కూడా ఇల్లు చేరింది. ఆ వానలోనే హిర్పో, గింజలు ఎత్తుకుపోదామని తెచ్చిన లారీని ఖాళీగా ఊరి బయట వదిలి, షర్తూ గుమ్మం ముందుకొచ్చాడు. “సరే వదినా, నీ ధరెంతో నువ్వే చెప్పు,” అన్నాడు. ఆ ఊళ్లో కొనేవాడు అమ్మేవాళ్లని ధర అడగడం అదే మొదలు.

గుతా ఏదో అనబోయాడు. షర్తూ చెయ్యెత్తి ఆపింది.

“నేనొక్కదాన్నే చెప్పను. మేమందరం కూర్చుని మాట్లాడుకుని కబురు చేస్తాం. అప్పటిదాకా ఆ లారీని అక్కడే తడవనీ.”